మద్రాసు గడ్డిలో దొరికిన ఎర్ర పురుగు



పెరట్లోనో, డాబా మీద కుండీల్లోనో నాలుగు మొక్కలు పెంచుకునే ఇల్లాలు ఎవరైనా సరే, ఏదో ఒక ఉదయం మందార కొమ్మ వంచి చూసి అయ్యో అనుకునే ఉంటుంది. మొగ్గల మొదట్లో తెల్లగా, పిండి చల్లినట్టు, దూది అంటించినట్టు ఏవో కనిపిస్తాయి. "పురుగు పట్టిందమ్మా" అంటుంది పనిమనిషి. మనమూ అవునంటాం. అక్కడితో మన విచారణ ముగుస్తుంది. ఆ మాటకొస్తే మనకు పట్టుచీర ఇచ్చేదీ పురుగే, బియ్యం డబ్బాలో చేరేదీ పురుగే, దీపం చుట్టూ తిరిగేదీ పురుగే. ఒక్క మాటతో అన్నిటినీ సరిపెట్టేస్తాం.

మన పెద్దవాళ్ళు ఇలా సరిపెట్టుకోలేదు. దేనికి తగ్గ పేరు దానికి పెట్టారు. లేత చిగుళ్ళకు గుంపులు గుంపులుగా అంటుకుని జిగురు కార్చేదాన్ని పేనుబంక అన్నారు. ఒంటినిండా పిండి పూసుకున్నట్టుండేదాన్ని పిండినల్లి అన్నారు. కొమ్మకు చేప పొలుసులా అతుక్కుని కదలనిది పొలుసు పురుగు. ఎర్రని వీపు మీద నల్లచుక్కలతో ముద్దుగా ఉండేది అక్షింతల పురుగు. ఆరుద్ర కార్తెలో తొలకరి చినుకులు పడగానే మఖమల్ గుడ్డ ముక్కలా నేల మీద నడిచేది ఆరుద్ర పురుగు. ఈ ఆరుద్ర పురుగును ఈసారి దగ్గరగా చూసి కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి. కీటకాలకు ఆరు కాళ్ళే కదా! అంటే ఇది అసలు కీటకమే కాదు, సాలెపురుగుకు దూరపు చుట్టం.

చూశారా, పైకి కనిపించే రూపం ఎంత మోసం చేస్తుందో! మనం పొరబడితే పోయేది ఒక మందార మొక్క. అదే పొరపాటు ఒక పెద్ద కంపెనీ చేస్తే, ఒక ప్రభుత్వం చేస్తే ఏమవుతుంది? ఈ రోజు నేను చెప్పబోయేది ఆ కథే. అది మన మద్రాసులో మొదలై, మన సామర్లకోట మీదుగా నడిచి, మన రైతుల పొలం గట్ల మీద తేలింది.

ముందు ఒక రంగు సంగతి చెప్పాలి. మెక్సికో దేశంలో నాగజెముడు జాతి మొక్కల మీద బతికే ఒక చిన్న పురుగుంది. దాని పేరు కాచినీల్. మన పిండినల్లికీ పొలుసు పురుగుకీ అది దగ్గరి బంధువే. ఆడ పురుగుకు రెక్కలుండవు. ముక్కు లాంటి గొట్టాన్ని మొక్కలో గుచ్చి, రసం పీలుస్తూ అక్కడే జీవితం గడిపేస్తుంది. మగదానికి రెక్కలుంటాయి, తిండి మాత్రం ఉండదు. జత కట్టి నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. ఆ ఆడ పురుగును గోటితో నలిపితే చిక్కని ఎర్ర రంగు వస్తుంది. చీమలూ, ఇతర పురుగులూ తనను తినకుండా ఆ పురుగు తన ఒంట్లో తయారుచేసుకునే ఘాటైన పదార్థం అది. కార్మినిక్ ఆమ్లం అంటారు.

మెక్సికోలోని ఆదివాసులు ఆ పురుగును మనం ఆవును సాకినట్టు సాకారు. మొక్కలు నాటి, వాటి మీద తల్లి పురుగులను వదిలి, పెరిగాక చిన్న కుంచెలతో దులిపి, ఎండబెట్టి రంగు తీసేవారు. ఒక పౌను ఎండు పురుగులు కావాలంటే సుమారు 70,000 పురుగులు కావాలి. 1521లో స్పెయిన్‌వాళ్ళు మెక్సికోను జయించాక ఈ రంగు ఐరోపాకు చేరింది. అక్కడివాళ్ళు అంతవరకు అంత మంచి ఎరుపు చూడలేదు. రాజుల అంగీలకు, చర్చి పెద్దల వస్త్రాలకు, ఇంగ్లీషు సైన్యంలో ఆఫీసర్ల ఎర్రకోట్లకు అదే రంగు. మెక్సికో నుంచి స్పెయిన్‌కు వెళ్ళే సరుకులో వెండి తర్వాత స్థానం ఈ ఎండు పురుగులదే.

ఇంత డబ్బు వచ్చే సరుకు గుట్టు ఎవరైనా బయటపెడతారా? బతికున్న పురుగును దేశం దాటనివ్వకుండా స్పెయిన్ కాపలా కాసింది. ఎండిపోయి, ముడతలు పడి, బూడిద రంగులో మిరియం గింజ కంటే చిన్నగా ఉండే ఆ సరుకును చూసి ఐరోపావాళ్ళకు అదేమిటో అర్థం కాలేదు. ఇది గింజా, పండా, పురుగా? పండితులు రెండు వందల ఏళ్ళు దీని మీద వాదించుకున్నారంటే నమ్ముతారా? హాలండులో ల్యూవెన్‌హుక్ అనే ఆయన తాను తయారుచేసుకున్న భూతద్దంలో చూసి, ఇవి పురుగు శరీరభాగాలేనని చెప్పాడు. అయినా వాదం ఆగలేదు. ఆ దేశంలోనే ఇద్దరు స్నేహితులు పందెం వేసుకుంటే, అందులో ఒకాయన మెక్సికోలో ఈ పురుగులు పెంచేవాళ్ళ చేత కోర్టులో వాంగ్మూలాలు ఇప్పించి, వాటిని 1729లో పుస్తకంగా అచ్చువేయించాడు. ఇది పురుగా కాదా అన్నది పెంచే రైతును అడిగితే ఒక్క నిమిషంలో తేలే సంగతి. అడగడానికి మాత్రం రెండు వందల ఏళ్ళు పట్టింది!

మొక్కలకూ జంతువులకూ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లినేయస్ పేరు మీరు పిల్లల పాఠ్యపుస్తకాల్లో చూసే ఉంటారు. స్వీడన్ దేశస్థుడు. ఈ పురుగును ప్రాణంతో చూడాలని ఆయన కోరిక. ఆయన శిష్యుడు డేనియల్ రోలాండర్ దక్షిణ అమెరికాలోని సూరినాం వెళ్ళి, 1756లో పురుగులతో సహా ఒక మొక్కను గురువుగారికి పంపాడు. అన్ని సముద్రాలు దాటి ఆ మొక్క క్షేమంగా చేరింది. చేరిన సమయంలో గురువుగారు పాఠం చెబుతున్నారట. తోటమాలి మొక్కను చూశాడు. అబ్బా, ఎంత పురుగు పట్టిందో అనుకుని, శ్రద్ధగా శుభ్రం చేసి, కుండీలో నాటాడు. గురువుగారు వచ్చేసరికి మొక్క నిగనిగలాడుతోంది, పురుగు ఒక్కటీ లేదు. పాపం, తోటమాలి తప్పేముంది? మనమైనా అదే పని చేస్తాం కదా!

సరే, ఇక మద్రాసుకు వద్దాం. అప్పటికి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ పాతుకుపోయింది. స్పెయిన్‌కు ఏటా పోసే డబ్బు ఎలా ఆపాలా అని ఇంగ్లీషువాళ్ళకు ఒకటే యావ. 1777లో థియెరీ ద మెనోన్‌విల్ అనే ఫ్రెంచివాడు మెక్సికో వెళ్ళి, పురుగులున్న మొక్కలను రహస్యంగా పట్టుకొచ్చి కరీబియన్ దీవుల్లో పెంచే ప్రయత్నం చేశాడన్న వార్త ఆ ఆశను ఇంకా పెంచింది.

ఆ రోజుల్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే స్కాట్లండు వైద్యుడుండేవాడు. కంపెనీ డాక్టర్లలో పెద్దవాడు, మొక్కలంటే ప్రాణం. తర్వాతి కాలంలో మద్రాసు చుట్టుపక్కల పట్టుపురుగుల పెంపకానికి, మల్బరీ తోటలకు ఎంతో కష్టపడ్డవాడు. 1786 డిసెంబరులో ఆయన కంటికి గడ్డి మీద చిన్న చిన్న పురుగులు కనిపించాయి. పొలుసు పురుగు జాతివే. నలిపితే ఎర్రబారాయి. ఇంకేముంది! ఇది కాచినీలే అనుకున్నాడు. లండనులో సర్ జోసెఫ్ బ్యాంక్స్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడికి వరసగా ఉత్తరాలు రాశాడు. ఆ ఉత్తరాలు పుస్తకంగా కూడా అచ్చయ్యాయి. కంపెనీ డైరెక్టర్ల నోట్లో నీళ్ళూరాయి.

నమూనాలు లండను చేరాయి. రంగులవాళ్ళు పరీక్షించారు. పనికిరాదని తేల్చేశారు. అది కాచినీల్ కాదు, మన గడ్డి మీద బతికే మన సొంత పురుగు. ఎరుపు ఇచ్చిన ప్రతి పురుగూ కాచినీల్ కాదు మరి! ఆండర్సన్ మూడు సంగతులు చూశాడు: ఆకారం కలిసింది, ఆడవాటికి రెక్కలు లేవు, నలిపితే ఎరుపు వచ్చింది. నాలుగోది చూడలేదు. అది ఏ మొక్క మీద ఉంది? కాచినీల్ నాగజెముడు జాతి మీదే బతుకుతుంది, గడ్డి మీద బతకదు. పురుగు చిరునామా దాని మొక్కే. చిరునామా చూడకుండా మనిషి పోలికను బట్టి "మా మేనమామగారే" అని ఎవరినో ఇంట్లోకి పిలిస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. అసలు పురుగు రావాలంటే ముందు దాని తిండి సిద్ధంగా ఉండాలి కదా అని, లండనులోని క్యూ తోట నుంచి నాగజెముడు జాతి మొక్కలు తెప్పించారు. మద్రాసులో సైదాపేట దగ్గర 1789 ప్రాంతంలో ఆ మొక్కలతో పెద్ద తోటే వేశారు. ఆండర్సన్‌గారి మేనల్లుడు ఆండ్రూ బెర్రీ ఆ తోటను చూసుకున్నాడు. విస్తళ్ళు వేసి, వడ్డనకు అన్నీ సిద్ధం చేసి, చుట్టం కోసం వీధి గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టుంది వాళ్ళ పరిస్థితి.

ఇదే కాలంలో మన గోదావరి సీమలో ఇంకో స్కాట్లండు వైద్యుడు ఇంకో పురుగును చూస్తున్నాడు. ఆయన విలియం రాక్స్‌బర్గ్. కాకినాడ పక్కన సామర్లకోటలో ఆయనకు తోట ఉండేది. మన కోస్తా మొక్కలను ఒక్కొక్కటే బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా రాసిపెట్టిన మనిషి. ఆయన చూసింది లక్క పురుగును.

లక్క సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాండవులను కాల్చిచంపాలని కట్టించిన లక్క ఇంటి కథ వింటూ పెరిగాం. హైదరాబాదులో లాడ్ బజారు గాజులు, ఏటికొప్పాక బొమ్మల మీద నున్నని రంగు - అంతా లక్కే. పూర్వం పెళ్ళికూతురి పాదాలకు దిద్దిన లత్తుక కూడా లక్క నుంచి తీసిన ఎరుపే. అంటే మెక్సికో వాళ్ళకు కాచినీల్ ఎలాగో, మనకు లక్క అలాగ. అదీ పొలుసు పురుగు జాతే. కొమ్మ మీద గుంపుగా చేరి, తమ చుట్టూ తామే జిగురు ఊరించుకుని, అందులోనే ఉండిపోతుంది. ఆ జిగురే లక్క. 1781లో జేమ్స్ కెర్ అనే ఆయన పాట్నా నుంచి దీని గురించి లండనుకు రాశాడు. కానీ పురుగు జీవితం మొదటినుంచీ చివరిదాకా ఇంకా ఎవరికీ స్పష్టంగా తెలియదు.

రాక్స్‌బర్గ్ ఏం చేశాడో వినండి. 1789 చివర్లో కొండల నుంచి తుమ్మ జాతి చెట్టు కొమ్మలు కొన్ని ఆయనకు తెచ్చి ఇచ్చారు, వాటికి తాజా లక్క అంటుకుని ఉంది. ఆయన వాటిని వెడల్పు మూతి గాజు సీసాల్లో వేసి, పైన పల్చగా మూత పెట్టి, ఊరుకున్నాడు. రోజూ చూశాడు. పద్నాలుగు రోజులు గడిచాయి. అప్పుడు ఆ లక్కలోంచి కంటికి ఆననంత చిన్న ఎర్రని పిల్లపురుగులు వేల సంఖ్యలో బయటికి వచ్చి సీసాలో పాకడం మొదలెట్టాయి. ఆయన వాటిని భూతద్దంలో చూసి, కాళ్ళూ మీసాలూ తోకవెంట్రుకలూ ఎలా ఉన్నాయో రాసుకున్నాడు. తర్వాత పెద్ద పురుగులనూ, మగవాటినీ చూశాడు. ఇదంతా రాసి పంపితే, విశాఖపట్నంలో పనిచేసి వెళ్ళిన పాట్రిక్ రస్సెల్ అనే మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడి ద్వారా అది లండను రాయల్ సొసైటీకి చేరింది. 1791లో వాళ్ళ పత్రికలో అచ్చయింది, కింద సామర్లకోట పేరుతో సహా!

మన ఊరగాయ జాడీలాంటి సీసా, పైన ఓ మూత, పద్నాలుగు రోజుల ఓపిక. ఇంతే ఆయన సాధనం. ఇద్దరూ స్కాట్లండువాళ్ళే, ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరూ తెలివైనవాళ్ళే. ఒకాయన పురుగును చూసి వెంటనే పేరు పెట్టాడు. ఇంకొకాయన పేరు సంగతి తర్వాత చూద్దామని పురుగును చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ మరొకరిని కూడా మరిచిపోకూడదు. ఏ చెట్టు మీద, ఏ నెలలో లక్క దొరుకుతుందో తెలిసి ఆ కొమ్మలు విరిచి తెచ్చిన కొండవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా కంపెనీ తోటకు అధికారిగా వెళ్ళాడు. రెండేళ్ళకు, 1795లో, అందరూ ఎదురుచూసిన చుట్టం రానే వచ్చాడు. నీల్సన్ అనే సైనిక కెప్టెన్ ఓడ ప్రయాణంలో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో ఆగినప్పుడు, అక్కడి మొక్కల మీద పురుగులు చూసి, మొక్కతో సహా తెచ్చాడు. అవి కలకత్తా తోటలో అంటుకున్నాయి, పెరిగాయి, అక్కడి నుంచి మద్రాసుకూ వచ్చాయి. ఈసారి పురుగు నాగజెముడు జాతి మీదే ఉంది, నలిపితే మంచి ఎరుపే వచ్చింది. ఇంకేం కావాలి?

కానీ వచ్చింది అసలు చుట్టం కాదు, అతని దాయాది! కాచినీల్‌లో రకాలున్నాయి. మెక్సికో రైతులు తరతరాలుగా సాకిన మేలురకం ఒంటి మీద సన్నని పిండి పూత మాత్రమే ఉంటుంది. అడవి రకాల ఒంటి మీద దూది దట్టంగా అల్లుకుని ఉంటుంది. పురుగు చిన్నది, రంగు తక్కువ, దూది ఎక్కువ. బ్రెజిల్ నుంచి వచ్చింది ఆ అడవి రకం. కంపెనీ కొంతకాలం కొనుగోలు చేసింది. సరుకు నాసిదని లండను బజారు తేల్చింది. మేలురకం తెచ్చి ఇచ్చినవాళ్ళకు 2,000 పౌన్ల బహుమతి ప్రకటించారు. అయినా ఇక్కడ ఆ వ్యాపారం నిలబడలేదు. సైదాపేట తోటను 1800లో ఎత్తేశారు. ఆండర్సన్‌గారు 1809లో కాలం చేశారు. చెన్నైలోని సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆయన విగ్రహం ఉంది.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక కంపెనీ నష్టం కథ మాత్రమే. మనకెందుకు అనుకునేవాళ్ళం. కానీ పురుగు బతికే ఉంది, నాగజెముడూ బతికే ఉంది.

నాగజెముడు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. కంచెలకు పనికొస్తుందని కొందరు, రంగు పురుగుకు తిండి అని కొందరు తెచ్చి నాటారు. ఒక మట్ట తెగి నేల మీద పడితే అక్కడే వేరు పోసుకుంటుంది. పశువు తినదు, గొడ్డలికి లొంగదు. చేలగట్లు, బీళ్ళు, ఊరి దారులు అన్నీ ఆక్రమించింది. పేద రైతుకు ఒక్కో బారెడు నేలా పోతూ వచ్చింది.

అప్పుడొక వింత బయటపడింది. బ్రెజిల్ నుంచి వచ్చిన నాసిరకం పురుగు ఎక్కడ బాగా పెరిగిందో, అక్కడ ఒక రకం నాగజెముడు ఎండి కూలిపోతోంది! రంగుకు పనికిరాని పురుగు కలుపు తీయడానికి పనికొచ్చింది. 1836 నుంచి 1838 దాకా దాన్ని కావాలనే దక్షిణాది జిల్లాల్లో వదిలారు. ఆ రకం నాగజెముడు దాదాపు మాయమైపోయింది. 1863లో శ్రీలంకకు కూడా తీసుకువెళ్ళారు, అక్కడా పనిచేసింది. ఒక కలుపు మొక్కను చంపడానికి పురుగును వాడడం ప్రపంచ చరిత్రలో ఇదే మొదలని శాస్త్రజ్ఞులు అంటారు. తర్వాత ఎప్పుడో శ్రీలంక నమూనాలు చూసి ఆ పురుగుకు సిలోను పేరు కలిపి శాస్త్రీయనామం పెట్టారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా, ఇంటిపేరు సిలోను! దాని పేరులో కూడా పొరపాటు అలాగే నిలిచిపోయింది.

అయితే ఆ పురుగు తినేది ఒక్క రకాన్నే. దాని పక్కనే పెరిగే ఇంకో రకం, పెద్ద ముళ్ళు, పసుపు పూలు ఉండేది, దాన్ని అది ముట్టుకోలేదు. ఆ రకం మద్రాసు రాజధానిలో మరో తొంభై ఏళ్ళు రాజ్యమేలింది. చివరికి 1926లో, ఇంకో రకం కాచినీల్ పురుగును శ్రీలంక నుంచి తెప్పించి వదిలారు. రెండు పురుగులనూ పక్కపక్కన పెడితే మనబోటివాళ్ళకు తేడా తెలియదు, రెండూ దూది ముద్దలే. కానీ మొక్కకు తెలుస్తుంది. కొద్ది సంవత్సరాల్లో ముళ్ళ పొదలు పండబారి, కుళ్ళి, నేలకు ఒరిగాయి. రైతుకు నేల తిరిగి వచ్చింది.

ఇంత కథలోనూ మనకు పదేపదే కనిపించేది ఒక్కటే. తెల్లని దూది ముద్ద ఒక్కటి కాదు. గడ్డి మీదిది ఒకటి, బ్రెజిల్‌ది ఒకటి, మెక్సికోది ఒకటి, శ్రీలంక నుంచి వచ్చింది ఒకటి. ఏది ఏదో తెలిసినప్పుడు మేలు జరిగింది, తెలియనప్పుడు నష్టం జరిగింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి చెట్లకు తెల్లని పిండినల్లి పట్టింది. మామూలు పిండినల్లే అనుకుని మందులు కొట్టినవాళ్ళు కొట్టారు. అది చావలేదు. మల్బరీకి, కర్రపెండలానికి, మన మందారానికి పాకింది. నిపుణులు పరిశీలించి, ఇది మన దేశంలో అంతకుముందు లేనిదని, మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతపు బొప్పాయి పిండినల్లి అని గుర్తించారు. గుర్తించగానే దారి దొరికింది. దాని పుట్టింటి వైపు దాని శత్రువులెవరో ముందే తెలుసు. మన కంటికి నలుసులా కనిపించే చిన్న కందిరీగ జాతి పురుగులు అవి. వాటిని 2010లో అమెరికా ప్రభుత్వ సాయంతో ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలారు. అవి పిండినల్లి ఒంట్లోనే గుడ్లు పెడతాయి. కొద్ది నెలల్లోనే ఆ బెడద చాలావరకు తగ్గింది. సరైన పేరు తెలియకపోతే సరైన శత్రువు ఎవరో ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇక మన పెరటికి వద్దాం. మనం శాస్త్రజ్ఞులం కానక్కర్లేదు. కానీ మందు డబ్బా చేతిలోకి తీసుకునే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు.

మొదటిది, ఏ మొక్క మీద ఉంది, మొక్కలో ఎక్కడ ఉంది? చిగురు మీదా, ఆకు అడుగునా, కొమ్మ పంగల్లోనా? ఆండర్సన్‌గారు వేసుకోని ప్రశ్న ఇదే.

రెండవది, కదులుతోందా? పొలుసు పురుగు అతుక్కుని ఉంటుంది. పిండినల్లి బద్ధకంగా కదులుతుంది. పిండినల్లుల మధ్య వాటికంటే మూడు నాలుగింతలు పెద్దగా, ఒంటినిండా తెల్లని పోగులతో, చురుగ్గా నడుస్తూ ఏదైనా కనిపిస్తే దాన్ని చంపకండి. అది పిండినల్లి కాదు, పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. దొంగల్లో దొంగలా వేషం వేసుకుని తిరుగుతుంది. 1898లోనే ఆస్ట్రేలియా నుంచి ఆ జాతిని మన దేశానికి తెచ్చారు. పెద్దయితే దానికి చుక్కలుండవు, నల్లని వీపు, నారింజ రంగు తల. "అబ్బ, ఎంత పెద్ద పురుగో" అని మనం ముందుగా నలిపేసేది దాన్నే!

మూడవది, అక్షింతల పురుగైతే దాని వీపు మెరుస్తోందా, మాసినట్టుందా? పేనుబంకను తినే మంచి పురుగుల వీపు నున్నగా, అద్దంలా మెరుస్తుంది. వంగ మొక్క మీద చేరి, ఆకు పచ్చదనమంతా గీకి జల్లెడలా చేసే అక్షింతల పురుగు ఇంకొకటుంది. దాని వీపు మీద సన్నని నూగు ఉంటుంది, అందుకే మెరవదు. ఒక రకానికి చుక్కలు ఇరవై ఎనిమిది దాకా ఉంటాయి. ఒకే పేరు, ఒకటి మిత్రుడు, ఒకటి శత్రువు.

నాలుగవది, చీమలు తిరుగుతున్నాయా? పేనుబంక, పిండినల్లి తియ్యని జిగురు కారుస్తాయి. ఆ తీపి కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, వాటిని తినడానికి వచ్చే మంచి పురుగులను తరిమేస్తాయి. కాబట్టి చీమల బారు ఎక్కడికి పోతోందో చూస్తే తెగులు ఎక్కడుందో తెలిసిపోతుంది. ముందు చీమల దారి ఆపితే సగం పని అయినట్టే.

ఇంకా అర్థం కాకపోతే ఒక ఖాళీ గాజుసీసా తీసుకోండి. పురుగున్న చిన్న కొమ్మ అందులో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, మీద ఒక కాగితం అంటించి తారీకు వెయ్యండి. కొమ్మ వాడితే కొత్తది మార్చండి. పిల్లలను కూడా పిలిచి రోజూ చూడమనండి. ఏం బయటికి వస్తుందో మీరే చూస్తారు. దగ్గర్లో వ్యవసాయ కళాశాలో, కృషి విజ్ఞాన కేంద్రమో ఉంటే ఆ సీసాను తీసుకెళ్ళి చూపించవచ్చు. వాళ్ళు ముందు అడిగేది కూడా "ఏ మొక్క మీద దొరికిందమ్మా?" అనే.

కాచినీల్ సంగతి చివరికి ఏమైందంటారా? 1856లో లండనులో పెర్కిన్ అనే కుర్రవాడు రసాయనాలతో రంగు తయారుచేశాక, ఆ వరసలో వచ్చిన చవక రంగులు పురుగు రంగును బజారు నుంచి నెట్టేశాయి. అయినా అది పూర్తిగా పోలేదు. పెరూ దేశంలో నేటికీ ఆ పురుగులను పెంచుతున్నారు. కొన్ని లిప్‌స్టిక్కుల్లో, కొన్ని దేశాల తినుబండారాల్లో ఆ ఎరుపే ఉంటుంది. డబ్బా మీద సన్న అక్షరాల్లో కార్మైన్ అనో, 120 అనే సంఖ్యో కనిపిస్తే అది ఆ పురుగేనని గుర్తుపట్టండి. శాకాహార నియమం పాటించే ఇళ్ళలో ఇది తెలుసుకోవలసిన సంగతి.

రంగుల సీసా మీద ఉన్నా, మందార కొమ్మ మీద ఉన్నా, చదవడం తెలిస్తే అదేమిటో అదే చెబుతుంది. "ఏదో పురుగు" అనే మాటను రేపటి నుంచి కాస్త వెనక్కి నెట్టి, "ఏం పురుగు?" అని అడగడం మొదలెడదాం. జవాబు వెంటనే దొరక్కపోయినా ఫరవాలేదు. సామర్లకోటలో ఆయనకు పద్నాలుగు రోజులు పట్టింది.